ఎవరికో కావాల్సిన పేర్లు

డొమైన్ పేర్లు ఎందుకు కొంటున్నావని ఎవరైనా అడిగితే పిల్లల చదువుల కోసమని చెప్పేవాణ్ణి. అందులో అబద్ధం లేదు, అట్లాగని నిజమూ పెద్దగా లేదు. పిల్లల చదువుకే అయితే పోస్టాఫీసులో ఆర్‌డీ కట్టొచ్చు, చిట్టీ వేయొచ్చు. మా మాడుగులపల్లిలో ఈ రెండూ తెలియని మనిషి లేడు. నాకు డబ్బు కంటే ముందు కావాల్సింది ఇంకొకటుంది. నాకంటే చురుకైనవాడు, నాకంటే కష్టపడేవాడు ఎవడో ఒకరోజు వ్యాపారం మొదలుపెడతాడు. దానికి తగిన పేరు కోసం వెతుకుతాడు. ఆ పేరు అప్పటికే నా దగ్గరుందని తెలుస్తుంది. అప్పుడు నా దగ్గరికొచ్చి బతిమాలతాడు. అదీ నా కోరిక. రాయడానికి సిగ్గుగానే ఉంది గానీ, దీన్ని దాచిపెట్టి నా పెట్టుబడి గురించి ఎన్ని లెక్కలు చెప్పినా అవి సగం లెక్కలే.

నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద నాదో చిన్న ఇంటర్నెట్, జిరాక్స్ షాపు. మా దగ్గర పెట్టుబడి అంటే జాగా. ఫలానా ఆయన రోడ్డు పక్కన ఎకరం ఎవరూ అడగని రోజుల్లో కొన్నాడని, ఇప్పుడు గజాల లెక్కన అమ్ముతున్నాడని వినని వారం ఉండదు. ఇట్లాంటి ముచ్చట్లు వింటూ పెరిగినవాడికి ఒక నమ్మకం ఒంటబడుతుంది: గెలిచినవాడు కష్టపడ్డవాడు కాదు, ముందొచ్చి కూర్చున్నవాడు. జాగా కొనే స్థోమత నాకు లేదు. డాట్‌కామ్ పేరైతే అప్పట్లో జీఎస్టీతో కలిపి ఏడాదికి వెయ్యికి అటూ ఇటూ. హద్దురాళ్ళు పాతక్కర్లేదు, పాసుబుక్కు కోసం తిరగక్కర్లేదు, అన్నదమ్ములతో పంచాయితీ లేదు. గిరాకీ లేని మధ్యాహ్నం కుర్చీలోంచి లేవకుండా కొనొచ్చు. నన్ను అన్నిటికంటే ఎక్కువగా లాగింది ఈ చివరి సౌకర్యమేనని ఇప్పుడు అనిపిస్తుంది.

అప్పట్లో షాపుకొచ్చిన ప్రతివాడికీ నేను చెప్పే కథ ఒకటుండేది. 1999 నవంబరులో సత్యం ఇన్ఫోవే, అంటే మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ పిల్ల కంపెనీ, ముంబైకి చెందిన ఇండియావరల్డ్‌ను 499 కోట్ల రూపాయలకు కొనడానికి ఒప్పందం చేసుకుంది. ఇండియావరల్డ్ సైట్ల పేర్లేమిటి? సమాచార్, ఖోజ్, ఖేల్, బావర్చీ. మామూలు మాటలు, వంటింట్లో వినబడే మాటలు. చూడు, నాలుగు మాటలకు అన్ని కోట్లు అని నేను కళ్ళు పెద్దవి చేసి చెప్తుంటే, ఆధార్ ప్రింటు కోసం నిలబడ్డవాళ్ళు కూడా ఒక్క నిమిషం తమ పని మర్చిపోయేవాళ్ళు.

ఈ కథలో నేను ఎప్పుడూ చెప్పని భాగం ఒకటుంది. ఆ సంస్థను నడిపిన రాజేశ్ జైన్ 1995లోనే, మన దేశంలో ఇంటర్నెట్ జనం చేతికి అందీ అందని రోజుల్లో, విదేశాల్లో ఉన్న భారతీయులకు ఇక్కడి వార్తలు చేరవేసే పని మొదలుపెట్టాడు. రోజూ వార్తలు పెట్టాలి, వంటలు పెట్టాలి, క్రికెట్ స్కోర్లు పెట్టాలి. చదివేవాళ్ళు మళ్ళీ మళ్ళీ రావాలి. ఇచ్చిన డబ్బు ఆ రాకపోకలకూ, పైగా ఆనాటి డాట్‌కామ్ పిచ్చికీ ఇచ్చింది. పేర్లు ఆ పని మీద తగిలించిన బోర్డులు. ఇది నాకు తెలియక వదిలేశానా అంటే, తెలుసు. చెబితే కథ బలహీనపడుతుందని వదిలేశాను. ఎదుటివాడికి చెప్పేటప్పుడు వదిలేసిన భాగాన్ని, మెల్లమెల్లగా నాకు నేను చెప్పుకునేటప్పుడు కూడా వదిలేయడం అలవాటైంది. పని లేకుండా ఫలితం వచ్చిన కథ నాకు అవసరం. నా బద్ధకానికి అదే పెద్ద అండ.

ఇక కొనడం గురించి. మా ఊర్ల పేర్లను ఇంగ్లీషులో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. మిర్యాలగూడ మధ్యలో ఒక అక్షరం ఉంచేవాళ్ళు కొందరు, తీసేసేవాళ్ళు కొందరు. సూర్యాపేటకు చివర దీర్ఘం ఇచ్చేవాళ్ళున్నారు, సూర్యాపేట్ అనేవాళ్ళున్నారు. కోదాడ, కోదాడ్ రెండూ నడుస్తాయి. మామూలు మనిషికి ఇది చికాకు, నాకు మాత్రం పండుగ. ఒకే ఊరికి మూడు స్పెల్లింగులుంటే మూడు కొనొచ్చు. ఒక్కోదానికి వెనక బియ్యం, విత్తనాలు, ప్లాట్లు, పెళ్ళి సంబంధాలు తగిలిస్తే పన్నెండవుతాయి. మిర్యాలగూడ రైసుమిల్లుల సంగతి దేశమంతా తెలుసు కాబట్టి బియ్యం పేర్లకు ఎప్పటికైనా గిరాకీ వస్తుందని నా ధీమా. దామరచర్లలో యాదాద్రి థర్మల్ ప్లాంటు వస్తుందనగానే ఆ పేరుతో కొన్ని. తెలంగాణ వచ్చాక ‘టీఎస్’తో మొదలయ్యేవి కొన్ని. దీన్ని నేను ముందుచూపు అనేవాణ్ణి. 2024 మార్చిలో టీఎస్ పోయి టీజీ వచ్చింది, ఆర్టీసీ నుంచి సర్వీస్ కమిషన్ దాకా బోర్డులన్నీ మారాయి. అదే ఏడాది నవంబరులో ఆలయం పేరు యాదాద్రి కాదు, యాదగిరిగుట్ట అనే రాయాలని ముఖ్యమంత్రి ఆదేశించారు. ప్రభుత్వం పేరు మార్చినప్పుడు జనం చరిత్ర గురించి, ఆత్మగౌరవం గురించి వాదించుకున్నారు. నేను మాత్రం నా లిస్టు తెరిచి ఏవేవి పోయాయో చూసుకున్నాను. ఆ తర్వాత టీజీతో కొత్తవి కొనబోయాను. చివర వచ్చే డాట్ టీజీ ఆఫ్రికాలోని టోగో దేశానిదని అప్పుడే తెలిసింది. నవ్వొచ్చింది గానీ కొనడం ఆపలేదు.

లెక్క చాలా ఆలస్యంగా వేశాను. లెక్కలు రాక కాదు, వేస్తే ఏం తేలుతుందో లోపల ఎక్కడో తెలుసు కాబట్టి. ఈ వ్యాపారంలో నలిగినవాళ్ళు చెప్పుకునే మాట ఒకటుంది: ఏడాదికి నూటికి ఒకటో రెండో పేర్లు అమ్ముడుపోతే బాగున్నట్టే. నూరు పేర్లుంటే అప్పటి ధరల్లో రెన్యువల్‌కు ఏడాదికి లక్ష రూపాయల దగ్గర. అమ్ముడైన ఆ ఒకటి రెండు పేర్లు, మార్కెట్ సైటు కమీషన్ పోగా, మిగతా తొంభై ఎనిమిదింటి తిండి కూడా పెట్టాలి. అందుకే బాగా చేసేవాళ్ళు పేరు కొనేముందు అట్లాంటివి ఎంతకు అమ్ముడయ్యాయో పాత రికార్డులు చూస్తారు, ఆ పేరుతో ఎన్ని కంపెనీలు నడుస్తున్నాయో చూస్తారు, పది చూసి ఒకటి కొంటారు. నేను ఒకటి చూసి పది కొన్నాను.

అంతకంటే ఇబ్బంది పెట్టిన సంగతి ఇంకోటి. నేను భూమి కొన్నాననుకున్నాను, చేసింది కౌలు. డాట్‌కామ్ పేరును ఎవరైనా సరే ఒకేసారి పదేళ్ళకు మించి తీసుకోలేరు. డాట్‌కామ్ మొత్తాన్ని నడిపే వెరిసైన్ అనే అమెరికా కంపెనీ టోకు ధరను 2024 సెప్టెంబరులో 10.26 డాలర్లకు పెంచింది. నాతో ఎవరూ చెప్పలేదు, అడగలేదు. కౌలు పెరిగింది, అంతే. సాగర్ ఎడమ కాలువ కింద కౌలు చేసేవాణ్ణి అడిగితే చెప్తాడు, కౌలు కట్టి పొలాన్ని బీడు పెట్టేవాడు ఎవడూ ఉండడని. నేను చేసిందదే. ఒక్క పేరు మీద కూడా ఒక పేజీ తయారు చేయలేదు. బియ్యం ధరలు పెట్టొచ్చు, మిల్లుల ఫోన్ నంబర్లు పెట్టొచ్చు. ఊళ్ళో ఉన్నవాణ్ణి, కంప్యూటర్ ముందు కూర్చున్నవాణ్ణి, నాకంటే అనువైనవాడు ఎవడు? చేయలేదు. చేస్తే మామూలు పనివాణ్ణవుతాను, ఊరికే ఉంచుకుంటే దొరనవుతాను. ఆ లెక్క నాకు ఎవరూ నేర్పలేదు, మరి ఎక్కడి నుంచి వచ్చిందో!

నా కోరిక తీరే రోజు కూడా ఒకసారి వచ్చింది. మిల్లు పని కొత్తగా చేతిలోకి తీసుకున్న ఒక కుర్రాడు, మా షాపుకు ముందు నుంచీ వచ్చేవాడే, వచ్చి కూర్చున్నాడు.

“అన్నా, గా పేరు నీ దగ్గరున్నదంట గద. ఎంతకిస్తవ్?”

ఇన్నాళ్ళూ మనసులో ఎన్నోసార్లు ఊహించుకున్న మాట అది. గుండె వేగం పెరిగింది. ఆలోచిస్తున్నట్టు కాసేపు మానిటర్ వంక చూసి, యాభై వేలు అన్నాను.

“పేరుకే యాభై వేలా అన్నా! బోర్డు రాసెటాయన గూడ గంత దీస్కోడు.”

బేరం ఆడతాడనుకున్నాను, ఆడలేదు. టీ తాగి, పిల్లలెట్లున్నరు అని అడిగి వెళ్ళిపోయాడు. తర్వాత తెలిసింది, మధ్యలో చిన్న గీత పెట్టి, చివర డాట్ ఇన్ పెట్టి వేరే పేరు కొన్ని వందల రూపాయలకు తీసుకున్నాడని. అతని వ్యాపారం అంతా ఫోన్లలో, వాట్సాప్‌లో, బ్రోకర్ల నోళ్ళలో నడుస్తుంది. సైటు ఒక విజిటింగ్ కార్డు. నిజానికి పెద్దవాళ్ళ సంగతి కూడా అంతే కదా. ఈనాడు సైటు మొదట్నించీ డాట్ నెట్ మీదే ఉంది, చదివేవాళ్ళెవరూ దారి తప్పిపోలేదు. నమస్తే తెలంగాణ సైటు ఎన్‌టీ న్యూస్ పేరుతోనే నడిచింది. పేరు లేకపోతే ఆగిపోయే వ్యాపారం నేను అనుకున్నంత తరచుగా ఉండదు.

ఆ కుర్రాడి మీద నాకు చాలా రోజులు కోపం ఉంది. బజారులో కనబడితే పలకరించాను, కానీ ఎప్పటిలా కాదు. అతను చేసిన తప్పేమిటని అప్పుడు ఎవరైనా అడిగి ఉంటే నా దగ్గర జవాబు లేదు. పేరు అమ్ముడుపోనందుకు కోపమైతే ధర తగ్గించి మళ్ళీ పిలవొచ్చు. పిలవలేదు. నేను లేకుండా అతని పని జరిగిపోయింది, ఎంత తేలిగ్గా జరిగిందంటే నాకు నమస్కారం పెట్టి, టీ తాగి మరీ వెళ్ళాడు. కోపం దాని మీద. మనం ఎవరికో అవసరం అనుకున్నప్పుడు, ఆ మనిషి మన అవసరం లేకుండా హాయిగా బతికేస్తే మనకు కలిగేది బాధేనా, ఇంకేదైనానా? నాకు బాధలాగా అనిపించలేదు. చిన్నతనంలో దాగుడుమూతలాడుతూ, ఎవరూ వెతకడానికి రానప్పుడు వచ్చే మంట లాంటిది.

2024 అక్టోబరులో జియోహాట్‌స్టార్ గొడవ వచ్చింది. రిలయన్స్, డిస్నీ సంస్థలు కలవొచ్చని ఊహించి ఢిల్లీకి చెందిన ఒక యువకుడు జియోహాట్‌స్టార్ అనే డాట్‌కామ్ పేరు ముందే కొనేశాడు. తనకు కేంబ్రిడ్జిలో చదవాలని ఉందని, ఆ చదువు ఖర్చు పెట్టుకుంటే పేరు ఇచ్చేస్తానని అదే సైటులో రాశాడు. కంపెనీ ఒప్పుకోలేదు. చివరికి ఆ పేరు దుబాయిలో ఉండే ఇద్దరు చిన్నపిల్లల, అన్నాచెల్లెళ్ళ చేతికి వెళ్ళింది. వాళ్ళు దాన్ని కంపెనీకి ఊరికే ఇస్తామన్నారు.

షాపులో ఆ రోజుల్లో నేను ఆ యువకుడి తరఫున గట్టిగా వాదించాను. అంత పెద్ద కంపెనీ, ఒక పిల్లవాడి ఫీజు కట్టలేదా అని. నా గొంతులో న్యాయం కోసం తపన వినిపించి ఉంటుంది. నాకు మాత్రం ఆ వాదన ఎవరి కోసమో తెలుసు. పిల్లల చదువు అనే అడ్డు నేనూ పెట్టుకున్నాను కదా, అతను పెట్టుకుంటే తప్పెలా అవుతుంది? ఇక దుబాయి పిల్లలు ఊరికే ఇస్తామన్నప్పుడు నాకు మెచ్చుకోవాలని అనిపించాలి. చిరాకు వచ్చింది. పేరుకు వాళ్ళు పెట్టని ధర నా పేర్ల ధరను కూడా తగ్గించేస్తున్నట్టు.

ఈ వ్యాపారానికి సంబంధించిన నియమాల్లో ఒక మాట నన్ను వదలలేదు. డొమైన్ పేర్ల తగాదాల కోసం 1999లో ఐకాన్ అనే అంతర్జాతీయ సంస్థ ఒక విధానం పెట్టింది. ఒకరి ట్రేడ్‌మార్కును పోలిన పేరును ఇంకొకరు తీసుకుంటే, వాళ్ళ నుంచి దాన్ని లాక్కోవాలంటే ఫిర్యాదుదారు చూపాల్సిన మూడు సంగతుల్లో మూడోది దురుద్దేశం. పేరు తీసుకున్నప్పుడూ, వాడుతున్నప్పుడూ దురుద్దేశం ఉండాలి. మన డాట్ ఇన్ పేర్ల కోసం 2005లో వచ్చిన విధానం ఇంకొంచెం కఠినం. తీసుకున్నప్పుడో, వాడుతున్నప్పుడో, ఏదో ఒకప్పుడు ఉంటే చాలు. అసలు హక్కుదారుకే ఖర్చుకు మించిన ధరకు అమ్ముకుందామని ముఖ్యంగా పేరు తీసుకుంటే అది దురుద్దేశానికి గుర్తు అని కూడా రాసి ఉంది. నేను చదివిన చట్టాలు తక్కువే, కానీ పొలం గట్టు తగాదాలో ఎవరూ నీ మనసులో ఏముందని అడగరు, సర్వే నంబరు అడుగుతారు. ఇక్కడ మాత్రం కొన్న క్షణంలో మనసులో ఏముందో అడుగుతున్నారు.

ఇండియావరల్డ్‌ను కొన్న ఆ సత్యం ఇన్ఫోవేనే తర్వాత ఇట్లాంటి కేసుతో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. వాళ్ళ సిఫీ పేరుకు దగ్గరగా సిఫ్ఫీనెట్ అని వేరే సంస్థ పేరు పెట్టుకుంది. అది మా అయిదుగురు ప్రమోటర్ల పేర్లలోని మొదటి అక్షరాలు కలిపి తయారు చేసుకున్నామని, సిఫీ సంగతే మాకు తెలియదని ఆ సంస్థ చెప్పుకుంది. కోర్టు ఆ వివరణను నమ్మలేదు. 2004 మే 6న తీర్పు సత్యం ఇన్ఫోవే పక్షాన వచ్చింది. డొమైన్ పేరుకూ ట్రేడ్‌మార్కుకు ఉన్నట్టే రక్షణ ఉంటుందని అప్పుడే మన దేశంలో అత్యున్నత న్యాయస్థానం తేల్చి చెప్పింది. ఆ అయిదుగురి అక్షరాల కథ చదివినప్పుడు నవ్వలేకపోయాను. నా దగ్గర ఒక విత్తనాల కంపెనీ పేరుకు బాగా దగ్గరగా ఉండే పేరు ఒకటుండేది. ఎవరైనా అడిగితే చెప్పడానికి దానికో కథ కూడా సిద్ధం చేసుకున్నాను: మా నాయనమ్మ పేరు, మా ఊరి పేరు కలిపానని. నాయనమ్మ బతికున్న రోజుల్లో ఆమె పేరు మీద నేను ఒక్క చెట్టు కూడా నాటలేదు.

ఆ పేరు వదిలేశాను. అప్పుడు ఇంట్లో, ఇట్లాంటివి మనకొద్దు, ధర్మం కాదు అని గొప్పగా చెప్పాను. నోటీసు వస్తుందేమోనన్న భయంతో వదిలేశానని చెప్పలేదు. మిగతా పేర్లు, ఊరి పేరుకు బియ్యమో ప్లాట్లో తగిలించినవి, ఏ చట్టానికీ దొరకవు. ఊరి పేరు ఎవరి సొత్తూ కాదు. కానీ ఆ ప్రశ్న మాత్రం వాటికీ వర్తిస్తుంది. కొన్న క్షణంలో మనసులో ఏముంది?

తెలుగు లిపిలో కొన్న పేర్ల సంగతి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. చివర డాట్ భారత్ అని తెలుగులోనే రాసుకోవచ్చని తెలిసినప్పుడు నిజంగానే ఒళ్ళు పులకరించింది. కొన్ని అందమైన మాటలు తీసుకున్నాను. మన భాషకు ఇంటర్నెట్‌లో చోటుండాలని అందరికీ చెప్పాను, ఒక సభలో మైకు పట్టుకుని కూడా చెప్పాను, చప్పట్లు వచ్చాయి. లోపల కంప్యూటర్ వాటిని ఇంగ్లీషు అక్షరాల గజిబిజిగా మార్చుకునే చదువుతుంది. చాలా ఫారాలు తెలుగు ఈమెయిలును తీసుకోనే తీసుకోవు. ఇవి సాంకేతిక ఇబ్బందులు, ఎప్పటికైనా తీరతాయి. నా ఇబ్బంది అది కాదు. అంత ప్రేమించిన ఆ మాటలతో నేను తెలుగులో ఒక్క వాక్యం రాసి ఆ సైట్లలో పెట్టలేదు. వేరే ఎవరైనా రాద్దామనుకుంటే ఆ పేరు వాళ్ళకు దొరకకుండా చేశాను. భాష మీద ప్రేమ అబద్ధమా? కాదనే అనుకుంటాను. కానీ ప్రేమించినదాన్ని తాళం వేసి దాచాలనిపించడమేమిటో నాకింకా అర్థం కాలేదు.

ఇదంతా చదివి ఈ వ్యాపారమే పాపం అనుకోవద్దు. పాడుబడ్డ మంచి పేరును పట్టుకుని, అది నిజంగా అవసరమైనవాణ్ణి వెతికి, సరసమైన ధరకు అందించేవాళ్ళున్నారు. అదీ ఒక పనే, కష్టమైన పనే. నా తగువు వ్యాపారంతో కాదు. ఇంకో అనుమానం కూడా ఉంది. ఆ మిల్లు కుర్రాడు యాభై వేలూ తీసి బల్ల మీద పెట్టి ఉంటే ఈ వ్యాసం రాసేవాణ్ణా? రాసేవాణ్ణి కాదు. డొమైన్ పేర్లతో మీరూ ఎలా సంపాదించవచ్చో చెప్పే వ్యాసం రాసి ఉండేవాణ్ణి. నా ఉద్దేశాల మీద నాకు ఇంత జాగ్రత్త రావడానికి అవి ఫలించకపోవడం ఎంత వరకు కారణమో తేల్చుకోలేకపోతున్నాను.

పేర్లను ఒక్కొక్కటిగా వదిలేస్తున్నాను. వదిలేయడమంటే డబ్బు కట్టకపోవడమే. గడువు దాటాక కొన్నాళ్ళు మామూలు ధరకే మళ్ళీ తీసుకునే వీలుంటుంది, తర్వాత ముప్పై రోజులు జరిమానాతో తీసుకునే వీలుంటుంది, ఆ తర్వాత అయిదు రోజులు ఎవరి చేతిలోనూ ఉండదు, ఆపైన ఎవరైనా తీసుకోవచ్చు. ఆ చివరి రోజుల్లో నేను రోజూ వెళ్ళి చూస్తుంటాను. ఎవరూ తీసుకోకపోతే, చూశావా పనికిరాని పేరే అని ఊరట. ఎవరైనా తీసుకుంటే ఏమనిపిస్తుందో చాలాకాలం తెలియలేదు, ఎందుకంటే ఎవరూ తీసుకోలేదు.

ఈమధ్య ఒకటి పోయింది. కోదాడ పేరుతో ఉన్నది, తీసుకున్నది పచ్చళ్ళు అమ్మే ఎవరో. చక్కగా ఉంది సైటు. గోంగూర, పండుమిరప, మాగాయ, ధరలు, కొరియర్ వివరాలు. నేను ఏళ్ళ తరబడి బీడు పెట్టిన చోట వాళ్ళు వారాల్లో దుకాణం తెరిచారు. పేజీ పేజీ తిరగేశాను. సంతోషంతో తిరగేశానని చెప్పాలని ఉంది. తప్పుల కోసం వెతికాను. ఒకటి దొరికింది: ఆర్డరు పెట్టే పేజీలో ఫోన్ నంబరుకు ఒక అంకె తక్కువ. పై పేజీలో సరైన నంబరే ఉంది కాబట్టి ఫోన్ చేసి చెప్పొచ్చు. చెబితే వాళ్ళకు మేలే. కానీ ఆ పేరు ఒకప్పుడు నాదేనని చెప్పకుండా ఫోన్ పెట్టేయగలనన్న నమ్మకం కుదరక, ఇంకా చేయలేదు.